సిద్దయ్య మగ్గం గుంట

"గంజేదే?"

వెంకటనర్సమ్మ పొయ్యి పక్కన ఉన్న మూకుడు వంచి చూసింది. అడుగున రెండు మెతుకులు అంటుకొని ఉన్నాయి తప్ప చుక్క లేదు. కోడలు పెరట్లో ఉందని తెలిసి గొంతు పెంచింది.

"ఆండాలూ, నిన్నే. పొద్దుగాల వార్చిన గంజి ఏం జేసినవ్?"

"చేమ మొదట్ల పోసిన అత్తా." ఆండాళు లోపలికి వచ్చింది. మోచేతుల దాకా మట్టి ఉంది. "సగమే పోసిన."

"మిగిలిన సగం?"

ఆండాళు కొంగుతో చేతులు తుడుచుకుంది. "అరటి పిలకకు."

"ఇన్నవా!" వెంకటనర్సమ్మ మగ్గాల అర్ర వైపు తిరిగింది. "నూలుకు గంజి వెట్టాలె, ఎండ మీదనే ఆరాలె అని రాత్రి నువ్వే గద చెప్పినవ్. నీ కోడలు గంజి తీస్కపోయి చెట్లకు తాపింది. ఇగ నూలుకేం వెడ్దాం? చేమాకు నూరి వెడ్దామా?"

లోపల మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడు ఆగింది. లక్ష్మీనర్సయ్య గొంతు మాత్రం వచ్చింది. "రేపు వెడ్దాం తియ్. మీ లొల్లికి గీడ పోగులు దెగుతున్నయ్."

"నా నోటికి పోగులు దెగుతయా?"

"నీ నోటికి తాళ్ళే దెగుతయ్. పోగులొక లెక్కనా?"

తండ్రి పక్క మగ్గం మీద ఉన్న పర్వతాలు నవ్వాపుకోలేక దగ్గాడు. మొగుడి దగ్గు ఎటువంటి దగ్గో ఆండాళుకు తెలుసు. ఆమె తల వంచుకొని కళ్ళతోనే నవ్వింది. అత్త అది కూడా చూసింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. అందరు కల్సి నవ్వుండ్రి," అని గొణుక్కుంటూ వెంకటనర్సమ్మ పెరట్లోకి నడిచింది. చూరు కింద, నోరు పగిలిన పెద్ద కాగులో ఉన్న తమలపాకు తీగ ముందు నిలబడింది. కింది ఆకులు రెండింటిని తొడిమ దగ్గర గోటితో గిల్లి, కొంగుతో తుడిచి, బొడ్లో ఉన్న తిత్తి తీసి సున్నం రాసుకుంది.

"దీనికన్న పోసినవా గంజి, లేక దీన్ని ఎండవెట్టినవా?" ఆకు మడిచి బుగ్గన పెట్టుకుంటూ అడిగింది.

"దీనికి గంజి పడది అత్తా. బియ్యం కడిగిన నీళ్ళు పోస్త."

"ఆఁ. దాని భోగం దానిది."

ఆ వీధిలో అందరూ తమలపాకు తీగ నల్లగొండలో బతకదనే చెప్పారు. రాతి గుట్టలు పగలంతా కాగి, ఆ వేడిని సాయంత్రం ఊరి మీదికి వదిలే చోట అది బతికే తీగ కాదు. హుజూర్‌నగర్ దగ్గర ఆండాళు పుట్టిన ఊళ్ళో తమలపాకు తోటలు ఉన్నాయి. ఎండాకాలంలో కూడా ఆ వరసల మధ్యకు వెళ్తే ఒళ్ళు చల్లబడుతుంది. అక్కణ్ణుంచి పోయిన ఏడు తెచ్చిన తీగ రోహిణి కార్తెలో ఎండి గడ్డిపోచ అయింది. పక్కింటి లీలమ్మ దాన్ని వేలితో విరిచి చూసి, "పొయ్యిల వెట్టనీకె పనికొస్తది," అంది. ఈ తీగను ఆండాళు వానలు పడుతుండగా తెచ్చి, చెరువు మట్టీ పశువుల ఎరువూ కలిపి నాటింది. చలికాలమంతా అది చూరు గుంజను పట్టుకొని మనిషెత్తు పెరిగింది. ఈ ఒక్క ఎండాకాలం దాటితే వేరు గట్టిపడుతుంది. తరవాత ఏ ఏటికాయేడు అదే తట్టుకుంటుంది. దాటకపోతే, ఇంకో తీగ తెమ్మని తమ్ముణ్ణి అడిగే మొహం తనకు లేదు. "ఆ రాళ్ళల్ల ఎందుకక్కా ఊకె సంపుతవ్," అని వాడు ఈసారే అన్నాడు.

ఆ వారమే పానగల్ నుంచి కబురొచ్చింది. వెంకటనర్సమ్మ చెల్లెలి కూతురు ప్రసవించింది, చేసే దిక్కు లేదు. వెంకటనర్సమ్మ రెండు చీరలు మూట కట్టుకుంది. మగ్గాల అర్రలోకి వెళ్ళి, కిటికీ కింద ఖాళీగా ఉన్న, నేసేవాళ్ళు కాళ్ళు వదిలి కూర్చునే మూడో మగ్గం గుంట అంచు ఊడ్చి, మూలలకు చిన్న ముగ్గు పెట్టి వచ్చింది.

"నేనొచ్చేదాంక గంజి జర పైలం," అని కోడలికి చెప్పి, బండెక్కింది.

ఆ మధ్యాహ్నం నుంచే వడగాడ్పు మొదలైంది.

గాలి పడమటి నుంచి వచ్చింది. అరటి పిలక ఆకులు ఈనె దాకా చీలిపోయాయి. చేమాకులు అంచులు ముడుచుకొని గొడుగులు మూసినట్టు వాలిపోయాయి. ఆండాళు పాత చీర తడిపి చూరుకు కట్టింది. అది కట్టి వెనక్కి తిరిగేలోపే దాని కొంగు ఆరి గాలికి పటపట కొట్టుకుంది. బావిలోకి బొక్కెన దించితే రాయి తగిలిన చప్పుడు. ఇంటికి తాగడానికి, వంటకు తోడిన నీళ్ళు పోను మిగిలేవి బియ్యం కడిగినవే. తమలపాకు తీగ చివరి ఆకులు మెత్తబడి, ఉడికిన వాటిలా నల్లని మచ్చలు వేశాయి. ఆమె ఒక ఆకును అరచేతిలో పట్టుకుంది. అది జ్వరం వచ్చిన పిల్ల చెయ్యిలా ఉంది.

నూలు కండెలు చుట్టి ఇవ్వడానికి మగ్గాల అర్రలోకి వెళ్ళినప్పుడు ఆమె కాళ్ళకు చల్లదనం తగిలింది. మట్టి గోడలు మూరెడు మందం. పొద్దెక్కాక తూర్పు కిటికీ నుంచి వెలుతురు వస్తుంది గాని ఎండ లోపలికి రాదు. ఆ వెలుతురు సరిగ్గా మూడో గుంట మీద పడుతోంది. అది పర్వతాలు వాళ్ళన్న సిద్దయ్య గుంట. సిద్దయ్య పట్నంలో ఒక గోదాములో గుమాస్తా. మగ్గం కర్రలు గోడకు వేలాడుతున్నాయి. గుంటలో కాలితో తొక్కే కర్రలు రెండూ మాత్రం కట్టినట్టే ఉన్నాయి. ఇంట్లో అందరికంటే మంచి వెలుతురున్న జాగా అదే. పర్వతాలు మూల చీకట్లో కళ్ళు చికిలించి పోగు అతుకుతున్నాడు.

"మామా," అంది ఆండాళు కండెల గంప కింద పెట్టి.

"ఊఁ."

"గీ గుంటల తీగె కాగు వెట్టుకుంట. అత్త వచ్చేదాంకనే. అడుగున ఇసుక పోసి తడిపితె సల్లగుంటది. గాడ్పు తగలది."

లక్ష్మీనర్సయ్య నాడె విసరడం ఆపలేదు. కాలు తొక్కుతూనే ఉంది. పర్వతాలు తండ్రి వైపు చూశాడు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను పని మీదున్న. గటు దిక్కు నేను జూస్తలేను," అన్నాడు.

ఆండాళు ఆలస్యం చేయలేదు. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కొని వచ్చి, ముగ్గు లేని చోట గుంట అంచు తడిగుడ్డతో తుడిచింది. తొక్కుడు కర్రలను ఎత్తి, నూలు పురితో పక్క గోడకు వదులుగా కట్టింది. ముగ్గు చెరిగిపోకుండా రెండు మూలలు వదిలేసి, మధ్యలో ఇసుక పోసింది. కాగు మోయడానికి పర్వతాలు వచ్చాడు. అరటి దొప్పతో చుట్టిన తీగను ఆమె బిడ్డ తలలా భుజం మీద ఆనించుకొని వెనక నడిచింది.

"మా అమ్మ వస్తె మొదలు నన్నంటది," అన్నాడు పర్వతాలు కాగు దించి నడుం పట్టుకుంటూ.

"అంటె పడు. నేను రోజు పడ్తలేనా?"

దాని పక్కనే పసుపు కుండ, అల్లం మొలకెత్తిన మూకుడు కూడా చేరాయి. గోనెపట్టాను తడిపి గుంట చుట్టూ పరిచింది. బియ్యం కడిగిన నీళ్ళు పొద్దున ఒక చెంబు, మాపున ఒక చెంబు ఇసుకలో పోసేది. ఎంగిలి గిన్నెలు కడిగిన నీళ్ళు మాత్రం ఆ అర్రలోకి తేలేదు. అవి పెరట్లో చేమకే.

తీగ మొదట రెండు రోజులు అలాగే ఉంది. తరవాత కిటికీ వైపు తల తిప్పింది. కణుపు దగ్గర ఎర్రటి మొగ్గలాంటిది వచ్చి, విప్పుకొని, లేత పసుపు ఆకైంది. గోరంత ఆకు. ఆండాళు దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసి వెళ్ళేది.

చప్పుడు మారిందని ముందు ఆమె చెవికే తెలిసింది. ఎండాకాలం ఆ అర్రలో మగ్గం ఆగి ఆగి నడుస్తుంది. గాలి పొడిబారితే పడుగు పోగులు పెళుసెక్కి టప్పున తెగుతాయి. తెగినప్పుడల్లా ఆపాలి, కొసలు వెతకాలి, తడి వేలితో అతకాలి. తడి ఇసుక చేరిన తరవాత మగ్గం ఆగకుండా నడుస్తోంది. వంటింట్లో రోలు ముందు కూర్చున్నా ఆ నడక వినిపిస్తోంది. ఒక మధ్యాహ్నం లక్ష్మీనర్సయ్య పని ఆపి, పరుచుకొని ఉన్న పడుగు మీద వేళ్ళ వెనక భాగంతో నిమిరాడు.

"మెత్తగున్నది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "సందె పూట లెక్క ఉన్నది."

"మీరు గటు దిక్కు జూస్తలేరు గద మామా," అంది ఆండాళు.

"జూస్తలేను. శెయ్యి వెట్టిన గంతే."

వెంకటనర్సమ్మ అనుకున్న దానికంటే ముందే తిరిగొచ్చింది. బాలింతకు అత్తగారి ఊరి నుంచి మనుషులు వచ్చారట. గుమ్మం దగ్గర మూట దించి, కాళ్ళు కడుక్కొని, నేరుగా మగ్గాల అర్రలోకి వెళ్ళింది. ఊరి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆమె మొదట చూసేది ఆ గుంటే. ఆండాళు వెనకనే వెళ్ళింది. 

వెంకటనర్సమ్మ అరవలేదు. గుంట దగ్గర గొంతుక్కూర్చుంది. గోడకు కట్టిన తొక్కుడు కర్రలను చూసింది. నూలు పురి ముడి వేలితో తాకింది.

"ఎవలు ఇప్పిండ్రు ఇవి?"

"నేనే అత్తా. ఇర్గలేదు, జాగ్రత్తగ కట్టిన."

"ఎరువు వెట్టినవా దీంట్ల?"

"కాగు లోపల్నే ఉన్నది. గుంటకు తగల్లేదు."

"నీళ్ళు ఏం నీళ్ళు పోసినవ్?"

"బియ్యం కడిగినయే. ఎంగిలియి తేలే. ఒట్టు."

"ఒట్టెందుకు?" వెంకటనర్సమ్మ లేచింది. మోకాళ్ళు పట్టేసి, గోడ పట్టుకొని లేచింది.  "మగ్గం గుంట అంటె పెంటకుప్ప అనుకున్నవా? నీ ఇంట్ల గిట్లనే జేస్తరా? రేపు వాడొస్తె యాడ కూసుంటడు? ఇసుకల కూసుంటడా?"

"అన్న గిప్పుడు యాడొస్తడమ్మా," అన్నాడు పర్వతాలు.

"నువ్వు నోర్ముయ్. పెండ్లాం మాట్లాడితె కాగులు మోస్తవ్, అన్న జాగాల చెట్లు నాటుతవ్." ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పవా?"

లక్ష్మీనర్సయ్య తెగని పోగును తెగినట్టు వెతుకుతున్నాడు. "కాగులున్నప్పటి సంది నూలు మంచిగున్నదే," అన్నాడు మెల్లగా. "తడి పట్టుకుంటాంది."

"నూలు కోసరం కొడుకు జాగా ఇయ్యాల్నా?"

ఆయన మళ్ళీ పోగుల మీదికి వంగాడు. ఆండాళు మొగుడి మొహం చూసింది. పర్వతాలు కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. ఆ వీధిలో చూడటానికి ఏమీ లేదు. ఆమె వంగి తీగను కిటికీ ఊచ నుంచి విడదీసింది. కొత్త ఆకు ఊచకు తగిలి చిరగకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాగు బరువు ఆమె ఒక్కతే ఎత్తలేకపోయింది. చివరికి పర్వతాలే వచ్చి, తల ఎత్తకుండా మోసుకెళ్ళి చూరు కింద దించాడు. ఇసుకంతా ఆమె గంపతో ఎత్తి పోసింది. గుంట కడిగింది. తొక్కుడు కర్రలు ఎలా ఉండేవో అలా కట్టింది. ఆ సాయంత్రం వెంకటనర్సమ్మ దాని చుట్టూ మళ్ళీ ముగ్గు పెట్టింది.

 ఆ రాత్రి పర్వతాలు కోసం ఆండాళు పచ్చిపులుసు చేసింది కాని, అతని కంచం వైపు చూడకుండా వడ్డించింది.

గాడ్పు తగ్గలేదు. కొత్త ఆకు ఒక్క పూటలో రంగు మారింది. మరునాటికి పై ఆకులన్నీ ఎండి గలగలమన్నాయి. ఆండాళు కాగును గోడ వారకు జరిపింది, చుట్టూ ముళ్ళకంప నిలబెట్టి దాని మీద గోనె కప్పింది, వేరు మీద ఎండుటాకులు కప్పింది. పొద్దు కుంకాక చిగురు నుంచి మొదలు దాకా వేళ్ళతో తడుముతూ వచ్చింది. పచ్చిదనం ఎక్కడి దాకా ఉందో అక్కడ ఆగింది. కత్తిపీట తెచ్చి మిగిలిన తీగంతా కోసేసింది. మట్టి మీద జానెడు కాడ, రెండు కణుపులు మిగిలాయి. కోసింది పారేయలేదు. చుట్టగా చుట్టి గోడ మీద పెట్టింది, ఎందుకో తనకే తెలియదు.

వెంకటనర్సమ్మ తిత్తిలో ఆకులు అయిపోయాయి. అయినా ఆమె ఆ కాగు దగ్గరికి రాలేదు. బజారు నుంచి కట్ట తెప్పించుకుంది. ఆ ఆకులు ఎండకు వాడి, నములుతుంటే తోలు లాగా సాగుతున్నాయి.

"మంచిగున్నయా?" అని అడిగాడు లక్ష్మీనర్సయ్య.

"ఉన్నయ్," అని ఆమె అవతలికి తిరిగి ఉమ్మేసింది.

అర్రలో మగ్గం మళ్ళీ ఆగి ఆగి నడుస్తోంది. టప్. ఆగింది. కాసేపు నడిచింది. టప్. ముసలాయన మెడ వంచి, కళ్ళకు దగ్గరగా పోగు పట్టుకొని, కొసలు నాలుకతో తడిపి అతుకుతుంటే వెంకటనర్సమ్మ రాట్నం దగ్గర కూర్చొని చూసేది. చూసి, రాట్నం ఇంకా గట్టిగా తిప్పేది. ఒకసారి చెంబుతో నీళ్ళు తెచ్చి నేల మీద చల్లింది. ఆమె చెంబు వంటింట్లో పెట్టి వచ్చేలోపే నేల తెల్లబడింది.

సిద్దయ్య చెప్పకుండానే వచ్చాడు. దోస్తు పెళ్ళికి మిర్యాలగూడెం పోతూ దారిలో దిగాడట. తెల్లచొక్కా, చేతి గడియారం, నల్లటి తోలు బూట్లు. వాకిట్లోనే తల్లికి కాళ్ళు మొక్కాడు. తల్లి అతని చెంపలు రెండు చేతులతో తడిమి, "ఎంత నల్లగైనవ్ బిడ్డా," అంది.

"నల్లగ పుట్టిచ్చి నల్లగైనవంటె ఎట్లమ్మా?" అన్నాడు సిద్దయ్య. అందరూ నవ్వారు. సంచి విప్పి తండ్రికి కళ్ళద్దాల డబ్బా, తమ్ముడికి బనీన్లు ఇచ్చాడు. చివరగా కాగితం చుట్టిన ఒక గుత్తి తీసి ఆండాళు ముందు పెట్టాడు. ఎర్ర గులాబీలు, పచ్చటి ఆకులు. ప్లాస్టిక్‌వి.

"నీకు చెట్లంటె ఇష్టం గద మరదలా. అందుకే తెచ్చిన. నీళ్ళక్కర్లేదు, ఎండకు ఎండయి. దుమ్ము వడితె కడిగితె అయిపాయె."

"మంచిగున్నయ్ బావా," అంది ఆండాళు. అతను సంతోషపడ్డాడు. నిజంగా ఆమెను తలుచుకొనే తెచ్చాడు. దాన్ని ఆమె ఎక్కడ పెట్టాలో తెలియక, ఉప్పు జాడీ పక్కన పెట్టింది.

"నీ గుంట జూసినవా?" వెంకటనర్సమ్మ అడిగింది. "వారం వారం అలికి ముగ్గేస్తున్న. కర్రలు గూడ ఎట్లున్నయ్ అట్లనే ఉన్నయ్."

"ఏ గుంట?" అన్నాడు సిద్దయ్య. వెంటనే, "ఆఁ, ఆఁ. ఇంక ఉంచిండ్రా?" అని తమ్ముడి వైపు తిరిగి పట్నంలో బియ్యం ధర చెప్పడం మొదలుపెట్టాడు.

మరునాడు పొద్దెక్కాక తండ్రీ పర్వతాలూ నేతగాళ్ళ సొసైటీకి నూలు తేవడానికి వెళ్ళారు. సిద్దయ్య పాత దోస్తులను కలవడానికి బజారుకు పోయి, ఎండలో చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళాలి. వీధి గుమ్మం నుంచి నేరుగా మగ్గాల అర్రలోకి వచ్చాడు.

"అమ్మా, జర మంచినీళ్ళియ్యి."

ఆండాళు వంటింట్లో చింతపండు పిసుకుతోంది. ఆమె చేతులు ఖాళీ లేవు. అత్త కుండలోంచి చెంబు ముంచుకొని వెళ్ళింది. అర్ర గుమ్మం దగ్గర ఎప్పటిలాగే ఆగి, ఒక కాలు తరవాత ఒక కాలు గోనెపట్టాకు తుడుచుకుంది. తుడుచుకొని అక్కడే నిలబడిపోయింది.

ఎంతసేపటికీ నీళ్ళు ఇచ్చిన చప్పుడు లేకపోయేసరికి ఆండాళు తల ఎత్తి చూసింది. అత్త వీపు, ఆ వీపు పక్క నుంచి కిటికీ వెలుతురు, ఆ వెలుతురులో సిద్దయ్య. అతను గుంట అంచున, మగ్గం మనిషి కూర్చునే చోటే కూర్చున్నాడు. కాళ్ళు గుంటలోకి వదిలాడు. కాళ్ళకు బూట్లున్నాయి. దారిలో ఏదో తొక్కినట్టుంది, గడ్డిపోచలతో పేడ అంటుకుంది. ఒక బూటు అడుగు తొక్కుడు కర్ర అంచుకు ఆనించి, అటూ ఇటూ గీకుతున్నాడు. గీకిన దాన్ని చూసుకొని రెండో బూటు గీకడం మొదలుపెట్టాడు. చేస్తున్న పని మీద అతనికి ధ్యాస కూడా లేదు. కిటికీ నుంచి వస్తున్న గాలికి కళ్ళు సగం మూసుకున్నాడు.

"గీడ మంచిగ సల్లగున్నదమ్మా," అన్నాడు తల్లిని చూసి. చెయ్యి చాపాడు. వెంకటనర్సమ్మ వెళ్ళి చెంబు ఇచ్చింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు. "ఏందమ్మా గట్ల జూస్తున్నవ్?"

"ఏం లేదు బిడ్డా. ఎండకు మొకం కమిలింది. పోయి మంచం మీద పండు."

అతను లేచి, బూట్ల చప్పుడుతో నడుచుకుంటూ లోపలి అర్రకు వెళ్ళాడు. మంచం కిర్రుమంది. కాసేపటికి ఒక బూటు, ఇంకో బూటు నేల మీద పడ్డ చప్పుడు.

ఆండాళు చేతులు కడుక్కొని తడిగుడ్డతో వెళ్ళింది. అత్త గుంటలోకి దిగి కూర్చుంది. చీర చెంగు నీళ్ళలో ముంచి తొక్కుడు కర్ర తుడుస్తోంది. కర్ర మీద ఏళ్ళ తరబడి పాదం ఆని నున్నబడిన చోట పేడ అంటింది. ముగ్గు మీద పెద్ద బూటు ముద్ర.

"లెవ్వుండ్రి అత్తా, నేను తుడుస్త."

"వద్దు." ఇంకా కొంచెం తుడిచింది. తరవాత చెయ్యి ఆగింది. "మర్సిండే," అంది. ఆ మాట కోపంగా లేదు. తప్పిపోయిన వస్తువు దొరకదని తెలిసినప్పుడు అన్నట్టు ఉంది. "వానికి యాదే లేదు."

 సంతోషం కలుగుతుందేమో అని ఆండాళు లోపల వెతుక్కుంది, లేదు. అత్త భుజం కింద చెయ్యేసి పైకి లేపింది. ముసలామె బరువు లేదు.

మధ్యాహ్నం అన్నాలకు ముగ్గురు మగవాళ్ళూ వరసగా కూర్చున్నారు. సిద్దయ్యకని కోడిగుడ్డు పులుసు, చేమాకు వేపుడు చేశారు. వెంకటనర్సమ్మ తానే వడ్డించింది. గుమ్మం దగ్గర ఆండాళు విసనకర్ర పట్టుకొని నిలబడింది.

"ఇగో, గీ చేమాకు మన పెరట్లదేనా?" అన్నాడు సిద్దయ్య. "గింత ఎండల ఎట్ల బతికిచ్చినవ్ మరదలా?"

"బతికినయి బతికినయ్, పోయినయి పోయినయ్ బావా."

"సొసైటోళ్ళు చీరలు ఎప్పుడిస్తవని అడిగిండ్రు," అన్నాడు లక్ష్మీనర్సయ్య పెద్దకొడుకుతో. "ఏమిస్తం? పూటకు జానెడు దిగుతలేదు. పోగు నిల్వదాయె."

వెంకటనర్సమ్మ మొగుడి కంచంలో అన్నం పెట్టింది. చిన్నకొడుకు కంచంలో పెట్టింది. గరిటె చేతిలోనే ఉంచుకొని నిటారుగా నిలబడింది.

"పర్వతాలూ."

"ఊఁ."

"తిన్నంక ఆమె కాగులు లోపటికి దెచ్చి గుంటల వెట్టు. ఇసుక గూడ పొయ్యి. తొక్కుడు కర్రలు ఇప్పి అటకెక్కియ్యి."

పర్వతాలు ముద్ద నోటి దగ్గర ఆపాడు. ఆండాళు చేతిలో విసనకర్ర ఆగింది. లక్ష్మీనర్సయ్య భార్య మొహంలోకి చూసి, వెంటనే కంచంలోకి చూసుకున్నాడు.

"అది అన్న జాగా గదనే," అన్నాడు పర్వతాలు.

"ఇగ గాదు. ఆ కిటికి, ఆ గుంట ఆండాలుయి. చెట్లు వెట్టుకుంటదో, రేపు మనసు పుడ్తె మగ్గమేసుకుంటదో, ఆమె ఇష్టం. నన్ను గూడ అడుగుడు లేదు."

సిద్దయ్య నవ్వాడు, ఏదో సరదా మాట అనుకొని. "మరి నేనొస్తె నాకు జాగేదమ్మా?"

వెంకటనర్సమ్మ వంగి అతని కంచంలో మిగిలిన గుడ్డు వేసింది. దాని మీద పులుసు పోసింది. మరి కొంచెం పోసింది.

"నువ్వొస్తె సుట్టానివి బిడ్డా," అంది. "మంచం ఏస్తం. కడుపు నిండ తిను."